మంచు మీద పంచాంగం

సెప్టెంబర్ వచ్చిందంటే ఉత్తర అమెరికాలో ఒక తరహా పంచాంగ శ్రవణం మొదలవుతుంది. ఐస్ హాకీలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన నేషనల్ హాకీ లీగ్ సీజన్ అక్టోబర్ మొదట్లో ప్రారంభమవుతుంది. దానికి ముందే పత్రికలవాళ్లు, టీవీ విశ్లేషకులు, పందెం కంపెనీలు, లెక్కలు కట్టేవాళ్లు ఒక్కో జట్టుకూ ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివేస్తారు. డివిజన్లో ఫలానా జట్టుది మొదటి స్థానం, ఫలానా జట్టుది ఆఖరి స్థానం, మధ్యలో ఈ మూడూ కొట్టుకుంటాయి అని. ఉగాది నాడు మన రాశికి అవమానం కాస్త ఎక్కువ పడితే నవ్వేసి పులిహోర తింటాం. అక్కడ మాత్రం ఏప్రిల్లో ఎవరో ఒకరు ఆ పాత కాగితం బయటికి తీసి, రాసినవాడిని నిలదీస్తారు.

2017 సెప్టెంబర్‌లో పసిఫిక్ డివిజన్ గురించి రాసిన కాగితాలను ఇప్పటికీ బయటికి తీస్తూనే ఉన్నారు. ఎక్కువమంది రాతలో మొదటి స్థానం ఎడ్మంటన్ ఆయిలర్స్‌ది. ఆఖరి స్థానం, కాదంటే దానికి ఒక మెట్టు పైన, కొత్తగా పుట్టిన వెగాస్ గోల్డెన్ నైట్స్‌ది. వెగాస్ జట్టు ట్రోఫీ గెలుస్తుందని పందెం కాస్తే ఒక డాలర్‌కు 500 డాలర్లు ఇస్తామన్న దుకాణాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి. 2018 ఏప్రిల్లో లెక్క తేలేసరికి వెగాస్ 109 పాయింట్లతో డివిజన్లో మొదటిది. ఎడ్మంటన్ 78 పాయింట్లతో ఆరోది.

ఇంతమంది తెలిసినవాళ్లు, ఇన్ని అంకెలు చేతిలో పెట్టుకుని, పట్టికను దాదాపు తలకిందులుగా ఎలా రాశారన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. వాళ్లు మూర్ఖులన్న జవాబు తేలికగా నోటికొస్తుంది గానీ, అది నిజం కాదు. ఆనాటి సమాచారంతో చూస్తే వాళ్ల రాతకు మంచి కారణాలే ఉన్నాయి.

ఆట గురించి కొంచెం చెప్పుకుందాం. మంచు రింకు మీద ఒక్కో జట్టుకు ఆరుగురు. అందులో ఒకరు గోలీ, అంటే గోల్ కాపలాదారు. గట్టి రబ్బరు బిళ్లను పక్ అంటారు, దాన్ని కర్రతో కొట్టి వలలోకి పంపాలి. 20 నిమిషాల భాగాలు మూడు. ఏడాదికి ఒక్కో జట్టు 82 ఆటలు ఆడుతుంది. గెలిస్తే రెండు పాయింట్లు. అరవై నిమిషాలకూ సమంగా ఉండి, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒక పాయింటు. ఈ ఓదార్పు పాయింటును గుర్తుపెట్టుకోండి, దీనివల్ల పట్టికలో జట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

2017-18లో లీగ్‌లో 31 జట్లు, నాలుగు డివిజన్లు. పసిఫిక్‌లో ఎనిమిది. కాలిఫోర్నియా నుంచి అనహైమ్ డక్స్, లాస్ ఏంజెలెస్ కింగ్స్, శాన్ హోసే షార్క్స్. పక్కన ఎడారిలో అరిజోనా కయోటీస్, ఇంకో ఎడారిలో కొత్త జట్టు వెగాస్. కెనడా నుంచి కాల్గరీ ఫ్లేమ్స్, ఎడ్మంటన్ ఆయిలర్స్, వాంకూవర్ కనక్స్. శాన్ హోసే చుట్టుపక్కల ఐటీ కొలువుల్లో మనవాళ్లు కొల్లలుగా ఉన్నారు కాబట్టి, ఈ పేర్లలో ఒకటైనా చాలా తెలుగు ఇళ్లలో వినబడే ఉంటుంది. డివిజన్లో మొదటి మూడు జట్లు లీగ్ విజేతను తేల్చే ప్లేఆఫ్స్ పోటీలకు నేరుగా వెళతాయి. మిగతావి పశ్చిమాన ఉన్న రెండు డివిజన్లకూ కలిపి ఇచ్చే రెండు వైల్డ్ కార్డు స్థానాల కోసం పోటీపడాలి. అందుకే అంచనాలన్నీ డివిజన్ల వారీగా రాస్తారు. ఎడ్మంటన్ అభిమానికి న్యూయార్క్ జట్టు గతి ఏమైతేనేం, కాల్గరీ కంటే తాము పైనుంటే చాలు.

ఇక అంచనా ఎలా పుడుతుందో చూద్దాం. ఎంత హంగు చేసినా, చాలా అంచనాలకు మొదటి చిత్తుప్రతి నిరుటి పట్టికే. 2016-17 చివర పసిఫిక్‌లో అనహైమ్ 105, ఎడ్మంటన్ 103, శాన్ హోసే 99, కాల్గరీ 94, లాస్ ఏంజెలెస్ 86, అరిజోనా 70, వాంకూవర్ 69. దీన్ని ముందు పెట్టుకుని, వేసవిలో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరికి వయసు మీరింది, ఎవరి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది అని చూసి, ఒకటి పైకి, ఒకటి కిందికి జరుపుతారు. అనహైమ్ ఆటగాళ్లకు వయసు పైబడుతోంది, ఒక మెట్టు కిందికి. శాన్ హోసేను వదిలి ప్యాట్రిక్ మార్లో టొరంటో వెళ్లిపోయాడు, ఇంకో మెట్టు కిందికి. ఎడ్మంటన్‌లో కానర్ మెక్‌డేవిడ్‌కు ఇంకా ఇరవై ఏళ్లే. అప్పటికే గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి 100 పాయింట్లు కొట్టి లీగ్‌లో అగ్రస్థానం, అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా అతనిదే. 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చూసిన జట్టు, రెండో రౌండులో అనహైమ్ చేతిలో ఏడో ఆట దాకా పోరాడి ఓడింది. ఆ వేసవిలో మెక్‌డేవిడ్‌కు ఎనిమిదేళ్లకు 10 కోట్ల డాలర్లు, అతని జోడీ లియాన్ డ్రైసైటిల్‌కు ఎనిమిదేళ్లకు 6.8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. కుర్రాళ్లు, ఎదుగుతున్నవాళ్లు, సంతకాలైపోయాయి. ఇంకేం, పై మెట్టు ఎక్కించేశారు.

వెగాస్‌ను అడుగున పెట్టడానికి కారణం ఇంకా బలమైనది. కొత్త జట్లు ఓడతాయి. అది చరిత్ర. 1974-75లో పుట్టిన వాషింగ్టన్ క్యాపిటల్స్ 80 ఆటల్లో ఎనిమిదే గెలిచింది. 1992-93లో కొత్త ఒట్టావా 84 ఆటలకు 10 గెలిచి 24 పాయింట్లతో ముగించింది. 1999-2000లో అట్లాంటాకు 39 పాయింట్లు. ఆ మరుసటి ఏడాది వచ్చిన మిన్నెసోటా, కొలంబస్‌లకు 70కి అటూ ఇటూ వస్తే, ఫర్వాలేదే అనుకున్నారు. పైగా వెగాస్ ఆటగాళ్లందరూ వేరే జట్లు వద్దనుకున్నవాళ్లు. వాళ్ల కోచ్ జెరార్డ్ గలాంట్‌నైతే 2016 నవంబర్‌లో ఫ్లోరిడా జట్టు ఊరుకాని ఊళ్లో, ఆట ముగిసిన రాత్రే పదవి నుంచి తీసేసింది. అతను సామాను టాక్సీలోకి ఎక్కించుకుంటున్న ఫొటో అప్పట్లో అందరూ చూశారు. ఇలాంటి జట్టును ఎనిమిదో స్థానంలో పెట్టినవాడిని తప్పుపట్టడం ఎట్లా?

తప్పుపట్టడానికి ఒక్క చోటు ఉంది. చరిత్ర ఏ నియమాల కింద జరిగిందో ఎవరూ సరిగ్గా చూడలేదు. కొత్త జట్టు ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ అనే ఏర్పాటుతో తయారవుతుంది. పాత జట్లు ఒక్కొక్కటీ కొందరిని దాచుకుంటాయి, మిగిలినవాళ్లలోంచి కొత్త జట్టు ఏరుకుంటుంది. 2000లో పాత జట్టు తొమ్మిది మంది ఫార్వర్డ్‌లను, ఐదుగురు డిఫెన్స్‌మెన్‌ను, ఒక గోలీని దాచుకోగలిగేది. అంటే ఎదుట మిగిలేది తాలు. 2017లో దాచుకోగలిగింది ఏడుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు డిఫెన్స్‌మెన్, ఒక గోలీ. లేదంటే, గోలీని మినహాయించి ఎవరైనా ఎనిమిది మంది. వెగాస్ యజమాని బిల్ ఫోలీ లీగ్‌లోకి రావడానికి 50 కోట్ల డాలర్ల ప్రవేశ రుసుము కట్టాడు. అంత పుచ్చుకున్నాక తాలు చేతిలో పెడితే బాగుండదని లీగే నియమాలు సడలించింది. ప్రతి జట్టులోనూ నాలుగో మంచి డిఫెన్స్‌మన్, ఎనిమిదో మంచి ఫార్వర్డ్ అందుబాటులోకి వచ్చారు.

దీనికి తోడు సాలరీ క్యాప్. 2005 నుంచి లీగ్‌లో జీతాల మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉంది. 2017-18లో అది 7.5 కోట్ల డాలర్లు. పాత జట్ల మేనేజర్లకు మెడకు చుట్టుకున్న పెద్ద పెద్ద కాంట్రాక్టులు కొన్ని ఉన్నాయి. వెగాస్ జనరల్ మేనేజర్ జార్జ్ మెక్‌ఫీ ఆ సంగతి పసిగట్టాడు. మీ బరువు నేను మోస్తాను, బదులుగా ఏమిస్తారు అని అడిగాడు. ఫ్లోరిడా ఒక్క ఆటగాడితో సరిపెట్టకుండా ఇద్దరిని వదులుకుంది: అంతకుముందు ఏడాదే 30 గోల్స్ కొట్టిన జొనాథన్ మార్చెసోను వెగాస్ డ్రాఫ్ట్‌లో తీసుకుంటే, రైలీ స్మిత్‌నూ అతని పెద్ద కాంట్రాక్టునూ, ఏటా కుర్రాళ్లను ఎంచుకునే మామూలు డ్రాఫ్ట్‌లో ఒక నాలుగో రౌండు హక్కుకు ఇచ్చేసింది. అనహైమ్ ఒక భారమైన జీతం వదిలించుకుని, ఉన్న డిఫెన్స్‌మెన్‌ను కాపాడుకోవడానికి కుర్రవాడైన షే థియొడోర్‌ను ఇచ్చింది. మిన్నెసోటా తాను దాచుకోలేని డిఫెన్స్‌మెన్ జోలికి రావద్దని ఎరిక్ హౌలాతో పాటు అలెక్స్ టక్‌ను అప్పగించింది. కొలంబస్ ఒక మొదటి రౌండు, ఒక రెండో రౌండు హక్కు ఎదురిచ్చి, డేవిడ్ క్లార్క్‌సన్ కాంట్రాక్టును అంటగట్టి, విలియం కార్ల్‌సన్ అనే స్వీడన్ సెంటర్ ఫార్వర్డ్‌ను తీసుకోమంది. పిట్స్‌బర్గ్‌లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మూడుసార్లు గెలిచిన జట్లలో ఉన్న గోలీ మార్క్-ఆండ్రే ఫ్లూరీ, కుర్ర గోలీ మాట్ మరీకి చోటిచ్చి తప్పుకోవలసి వచ్చింది. అతన్ని తీసుకెళ్లడానికి కూడా పిట్స్‌బర్గ్ ఎదురు ఒక రెండో రౌండు హక్కు ఇచ్చింది!

ఇవన్నీ 2017 జూన్ 21 నాటికే బహిరంగంగా తెలిసిన విషయాలు. విడివిడిగా అందరూ రాశారు కూడా. కూడిక ఎవరూ చేయలేదు. కొత్త జట్టు అన్న మాట ముందుంటే, జట్టులో ఎవరున్నారన్నది వెనక్కి పోయింది.

అయితే ఆ జట్టు సత్తా అంతా ముందే కనబడేదనీ చెప్పలేం. కార్ల్‌సన్ సంగతే తీసుకోండి. కొలంబస్‌లో చివరి ఏడాది అతను కొట్టింది ఆరు గోల్స్. వెగాస్‌లో మొదటి ఏడాది 43. ఇది ఏ లెక్కల మనిషికీ కలలోకైనా వచ్చే అంకె కాదు. ఆడే సమయం పెరిగింది, మంచి జోడీ దొరికింది, నిజమే. దాంతోపాటు అతను వల వైపు కొట్టిన ప్రతి వంద షాట్లలో 23కు పైగా లోపలికి వెళ్లాయి. లీగ్‌లో మామూలు ఫార్వర్డ్‌కు 10, 12 వెళితే గొప్ప. మరుసటి ఏడాది ఆ శాతం 14కు దిగింది, గోల్స్ 24కు దిగాయి. అతను మంచి ఆటగాడే, కానీ ఆ 43లో అదృష్టం వాటా కూడా గట్టిదే.

అదృష్టం అన్న మాటను ఇక్కడ దైవానికి వదిలేసే అర్థంలో వాడడం లేదు, దాన్ని లెక్కగట్టవచ్చు. అన్నివిధాలా సమానమైన జట్లున్న లీగ్‌ను ఊహించుకోండి. ప్రతి ఆటా బొమ్మాబొరుసే. 82 సార్లు నాణెం ఎగరేస్తే సగటున 41 గెలుపులు. కానీ ప్రతి జట్టుకూ సరిగ్గా 41 రావు. మూడింట రెండు వంతుల సార్లు 37కీ 45కీ మధ్య ఎక్కడో పడుతుంది. మిగతా సార్లు ఇంకా బయట. ఓదార్పు పాయింట్లు పక్కన పెడితే, 37 గెలుపులంటే 74 పాయింట్లు, 45 అంటే 90. అంటే ఏ తేడా లేని రెండు జట్ల మధ్య ఒక సీజన్లో 16 పాయింట్ల దూరం కనబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 2017-18 పసిఫిక్‌లో నాలుగో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లిన లాస్ ఏంజెలెస్‌కూ, ఐదో స్థానంలో నిలిచి ఇంటికి వెళ్లిన కాల్గరీకీ మధ్య దూరం 14. రెండో స్థానం నుంచి నాలుగో స్థానం దాకా అనహైమ్ 101, శాన్ హోసే 100, లాస్ ఏంజెలెస్ 98. మూడు పాయింట్ల సందులో మూడు జట్లు. ఈ మూడింటినీ సరైన వరుసలో పెట్టినవాడు ఉంటే అతన్ని మెచ్చుకోవచ్చు గానీ, అతని దగ్గర శిష్యరికం అక్కర్లేదు.

బాస్కెట్‌బాల్‌తో పోలిస్తే హాకీలో ఈ యాదృచ్ఛికత చాలా ఎక్కువ. కారణం తేలికే. బాస్కెట్‌బాల్‌లో ఒక ఆటలో ఒక జట్టు వంద పాయింట్లు దాటిస్తుంది. బలమైన జట్టు బలం అన్నిసార్లు పరీక్షకు వస్తే బయటపడి తీరుతుంది. హాకీలో రెండు జట్లూ కలిసి ఆరు గోల్స్ చేస్తే ఆట బాగా సాగినట్టు. పక్ ఒకరి స్కేటుకు తగిలి దారి మళ్లిందంటే ఆటే మళ్లిపోతుంది. పైగా ప్రధాన ఆటగాడు రింకు మీద ఉండేది మూడో వంతు సమయమే. మెక్‌డేవిడ్ అంతటివాడైనా అరవై నిమిషాల్లో ఇరవై, ఇరవై రెండు నిమిషాలు ఆడి మిగతాదంతా బెంచీ మీద కూర్చుని చూడవలసిందే. 2017-18లోనూ అతను 108 పాయింట్లతో మళ్లీ లీగ్‌లో అగ్రస్థానంలోనే ఉన్నాడు. జట్టు మాత్రం ఆరో స్థానంలో ఉంది.

అందుకే లెక్కల విశ్లేషకులు గోల్స్‌ను వదిలి షాట్లను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గోల్స్ అరుదు, షాట్ ప్రయత్నాలు బోలెడు. వలకు తగిలినవి, పక్కకు పోయినవి, మధ్యలో ఎవరో అడ్డుకున్నవి అన్నీ కలిపి ఏ జట్టు ఎక్కువ ప్రయత్నాలు చేసిందో చూస్తారు. దీనికి కోర్సీ అని పేరు, బఫలో జట్టుకు గోలీల కోచ్‌గా పనిచేసిన జిమ్ కోర్సీ మీదుగా. (ఆ పేరు పెట్టిన విశ్లేషకుడు, కోర్సీ మీసం నచ్చి అలా పెట్టానని చెప్పుకున్నాడట.) పక్ ఎక్కువసేపు ఎదుటివాళ్ల వైపు ఉంచే జట్టు కాలక్రమంలో ఎక్కువ గెలుస్తుందన్నది దీని వెనక తర్కం. అది చాలామేరకు నిలబడింది కూడా. ఆ పైన ప్రతి ఆటగాడికీ వయసును బట్టి ఎదుగుదలో తరుగుదలో వేసి, జట్టు మొత్తం కూడి, సీజన్‌ను కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి, ఫలానా జట్టు ప్లేఆఫ్స్ చేరే అవకాశం ఇంత శాతం అని చెబుతారు. ఫార్వర్డ్‌లు ఇరవైల నడుమ పదును మీద ఉంటారు, ముప్పై దాటాక దిగుతారు. ఇలాంటి సగటులు వాళ్ల దగ్గర బాగానే కుదిరాయి.

కుదరనిది గోలీ దగ్గర. నా ఉద్దేశంలో డివిజన్ అంచనా అనే మొత్తం వ్యవహారానికి మర్మస్థానం ఇదే. మిగతా పొరపాట్లన్నీ దీని తర్వాతే.

ఎడ్మంటన్ గోలీ క్యామ్ టాల్బట్ 2016-17లో 73 ఆటలు ఆడాడు. అతని మీదికొచ్చిన ప్రతి వెయ్యి షాట్లలో 919 ఆపాడు. మరుసటి ఏడాది 908. మనకు ఈ రెండు అంకెలూ ఒకటిగానే కనిపిస్తాయి. కానీ గోలీ మీదికి ఒక సీజన్లో రెండు వేల షాట్ల దాకా వస్తాయి. వెయ్యికి 11 చొప్పున 22 గోల్స్ అదనంగా వలలో పడ్డట్టు. ఆరు గోల్స్ తేడాను సుమారుగా ఒక గెలుపుగా లెక్కేయడం విశ్లేషకుల ఆనవాయితీ. అంటే మూడున్నర గెలుపులు, ఏడు పాయింట్లు, ఒక్క మనిషి చేతి చలవ తగ్గినందుకు. ఎడ్మంటన్ పోగొట్టుకున్నది 25 పాయింట్లు. మిగతాది డిఫెన్స్‌లో ఆండ్రే సెకెరా మోకాలి గాయంతో చాలాకాలం దూరమవడం, గోల్స్ కొట్టే జోర్డన్ ఎబర్లేను వేసవిలో న్యూయార్క్ ఐలాండర్స్‌కు ఇచ్చేయడం, ఒక ఆటగాడు పెనాల్టీలో కూర్చున్నప్పుడు వల కాపాడుకునే పని సొంత రింకులోనే కుప్పకూలడం, ఇలాంటివన్నీ. అదే ఏడాది వెగాస్‌లో ఫ్లూరీ వెయ్యికి 927 ఆపాడు. అతనికి అక్టోబర్‌లోనే తలకు దెబ్బ తగిలి వారాల తరబడి ఆడలేదు. వెగాస్ ఆ సీజన్లో మొత్తం ఐదుగురు గోలీలను దించవలసి వచ్చింది. అయినా నిలబడిందంటే ముందున్న ఆటగాళ్ల పని కూడా అంత గొప్పగా ఉందన్నమాట. అది ఒప్పుకోకుండా అంతా అదృష్టమే అంటే అన్యాయం.

గోలీని ఎందుకు ముందే అంచనా వేయలేరో కాల్గరీని చూస్తే బాగా తెలుస్తుంది. జేకబ్ మార్క్‌స్ట్రమ్ అదే జట్టుకు వరుసగా మూడేళ్లు ప్రధాన గోలీ. 2020-21లో వెయ్యికి 904, జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2021-22లో 922, తొమ్మిది ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, కాల్గరీ 111 పాయింట్లతో పసిఫిక్‌లో మొదటిది. 2022-23లో 892, జట్టుకు 93 పాయింట్లు, మళ్లీ ప్లేఆఫ్స్ లేవు. అదే మనిషి, అవే చేతులు. మూడేళ్లలో ఏది అసలు మార్క్‌స్ట్రమ్ అని అడిగితే జవాబు లేదు. మూడింటినీ కలిపి సగటు తీయాలి. కానీ సగటు గోలీ ఏ ఏడాదీ మైదానంలోకి రాడు, పైవాడో కిందివాడో వస్తాడు. 2022 శరత్తులో కాల్గరీని మళ్లీ పైనే పెట్టినవాళ్లు చాలామంది. జోనాథన్ హ్యూబర్డో అనే ఆటగాడు ఫ్లోరిడాలో అంతకుముందు 115 పాయింట్లు కొట్టి వచ్చాడన్నది వాళ్ల ధీమా. కాల్గరీలో అతను 55తో సరిపెట్టాడు. ఇలాంటప్పుడు విశ్లేషకుడికి మిగిలేది ఏప్రిల్లో క్షమాపణ వ్యాసం ఒక్కటే.

వెగాస్ కథకు ఒక కొసరుంది, అసలు దానికంటే అదే నాకు రుచిగా అనిపిస్తుంది. 2021లో సియాటిల్ క్రాకెన్ అనే మరో కొత్త జట్టు అదే పసిఫిక్ డివిజన్లోకి వచ్చింది. ప్రవేశ రుసుము 65 కోట్ల డాలర్లు. డ్రాఫ్ట్ నియమాలు వెగాస్‌కు ఇచ్చినవే. ఈసారి అంచనాలు రాసేవాళ్లు పాఠం నేర్చుకుని వచ్చారు. కొత్త జట్టును అడుగున పెట్టి మళ్లీ నవ్వులపాలు కాదల్చుకోలేదు. షాట్ల లెక్కలు కూడా వాళ్ల వైపే ఉన్నాయి: డిఫెన్స్ గట్టిది, గోలీ ఫిలిప్ గ్రుబావర్ అంతకుముందు ఏడాది కొలరాడోలో వెయ్యికి 922 ఆపి ఉత్తమ గోలీ బహుమతికి తుది పోటీలో నిలిచినవాడు. కొన్ని లెక్కలు సియాటిల్‌ను ప్లేఆఫ్ పోటీలోనే పెట్టాయి. ఫలితం 27 గెలుపులు, 60 పాయింట్లు, డివిజన్లో ఎనిమిదో స్థానం, అంటే ఆఖరు. గ్రుబావర్ వెయ్యికి 889 మాత్రమే ఆపాడు.

పాత జట్ల మేనేజర్లు కూడా పాఠం నేర్చుకున్నారన్నది అంచనాలు రాసేవాళ్లకు తట్టలేదు. 2017లో మెక్‌ఫీకి ఎదురు కానుకలిచ్చి పంపినవాళ్లే 2021లో జేబులు బిగించారు. సియాటిల్ మేనేజర్ రాన్ ఫ్రాన్సిస్‌కు అలాంటి బేరాలు దొరకలేదు. అవే నియమాలు, బల్లకు అవతల కూర్చున్నవాళ్లు మాత్రం ముదిరిపోయారు. నాలుగేళ్ల కిందటి తప్పును సరిదిద్దబోయి, సరిగ్గా దాని అద్దంలోని తప్పు చేశారు విశ్లేషకులు. ఇక సియాటిల్ అడుగునే ఉంటుందని తేల్చుకున్న 2022-23లో ఆ జట్టు 100 పాయింట్లు తెచ్చుకుని, ప్లేఆఫ్స్ మొదటి రౌండులో అంతకుముందు ఏడాది విజేత కొలరాడోనే ఇంటికి పంపింది.

ఇంత జరిగాక ఈ అంచనాలు చదవడమెందుకు? నేనైతే చదవడం మానమని చెప్పను. చదివే పద్ధతి ఒకటుంది. వరుస సంఖ్యలను పట్టించుకోకండి. మూడో స్థానం, ఐదో స్థానం అన్నవి అంకెల వేషం వేసుకున్న అభిప్రాయాలు. రాసినవాడు జట్లను గుంపులుగా విడదీశాడా, ఈ రెండూ ఖాయం, ఈ నాలుగూ ఎటైనా పోవచ్చు, ఈ రెంటికీ ఆశ లేదు అని చెప్పాడా చూడండి. 2017లో కూడా అలా చెప్పినవాళ్లు వాంకూవర్, అరిజోనాలను అడుగు గుంపులో పెట్టి గెలిచారు. ఆ రెండూ 73, 70 పాయింట్లతో అక్కడే ఉన్నాయి. అరిజోనా సీజన్ మొదట్లో 11 ఆటలు వరుసగా ఓడింది. బలహీనతను ఊహించడం బలాన్ని ఊహించడం కంటే తేలిక. రెండోది, గోలీ గురించి ఎన్ని వాక్యాలు రాశాడో చూడండి. మూడు పేరాలు ఫార్వర్డ్‌ల మీద, ఒక్క ముక్క గోలీ మీద రాసి డివిజన్ విజేతను ప్రకటిస్తే ఆ కాగితం మడిచి పెట్టేయొచ్చు. మూడోది, శిక్షణ శిబిరాల నుంచి వచ్చే వార్తలకు, సన్నాహక ఆటల స్కోర్లకు లొంగిపోకండి. సెప్టెంబర్‌లో ప్రతి ఆటగాడూ జీవితంలో ఎన్నడూ లేనంత దృఢంగా ఉన్నానని చెబుతాడు.

లెక్కలోకి రానివి కొన్ని ఉంటాయి, వాటిని అంచనాలో వెతకడం కూడా అనవసరం. వెగాస్ మొదటి సీజన్ మొదలవడానికి అయిదు రోజుల ముందు, 2017 అక్టోబర్ 1 రాత్రి, ఆ ఊళ్లో సంగీత ఉత్సవం మీద జరిగిన కాల్పుల్లో 58 మంది చనిపోయారని అప్పుడు లెక్క తేలింది. సొంత ఊళ్లో మొదటి ఆటకు ముందు 58 సెకన్లు మౌనం పాటించారు. ఆ ఊళ్లోనే ఎన్నో ఏళ్లుగా ఇల్లు కట్టుకుని ఉన్న డిఫెన్స్‌మన్ డెరిక్ ఎంగెలాండ్ మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడాడు, ఆ తర్వాత ఆటలో గోల్ కూడా కొట్టాడు. ఊరి కోసం ఆడారు కాబట్టి గెలిచారని అనేకమంది రాశారు. కావచ్చు. అంతకంటే చిలిపి సిద్ధాంతం ఇంకొకటుంది: బయటినుంచి వచ్చిన జట్లు ముందురోజు రాత్రి వెగాస్ వీధుల్లో తిరిగి తెల్లారి ఆటలో తూలాయని. దానికి వెగాస్ ఫ్లూ అని పేరు కూడా పెట్టారు. రెండింటినీ నిరూపించే దారి లేదు. సొంత రింకులో ఆడిన 41 ఆటల్లో 29 గెలిచారన్నది మాత్రం నికరం. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌ను నాలుగుకు నాలుగూ ఓడించి, శాన్ హోసేను, విన్నిపెగ్‌ను దాటి ఫైనల్ దాకా వెళ్లి, అక్కడ వాషింగ్టన్ చేతిలో ఓడారు.

2021-22లో వెగాస్ కప్ గెలుస్తుందని చాలామంది రాస్తే, ఆ జట్టు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. మరుసటి ఏడాది ప్రధాన గోలీ రాబిన్ లేనర్ సీజన్ మొత్తం ఆడలేనని తేలాక, శాన్ హోసే నుంచి ఒక నాలుగో రౌండు హక్కుకు అడిన్ హిల్ అనే గోలీని తెచ్చుకున్నారు. ఆ ఏడాదీ ఐదుగురు గోలీలు ఆడారు. ప్లేఆఫ్స్ మొదలైనప్పుడు వలలో ఉన్నది హిల్ కాదు, లారెంట్ బ్రసువా. ఎడ్మంటన్‌తో ఆడుతుండగా బ్రసువాకు గాయమై హిల్ దిగాడు. అక్కడి నుంచి 11 ఆటలు గెలిచాడు, వెయ్యికి 932 ఆపాడు, 2023 జూన్‌లో వెగాస్ స్టాన్లీ కప్ ఎత్తింది. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి మార్చెసోకు దక్కింది, ఆరేళ్ల కిందట ఫ్లోరిడా వద్దనుకున్న అదే మార్చెసోకు. ఫైనల్లో ఓడిన జట్టు ఫ్లోరిడా.